జాంబయ్య ఐరన్ లెగ్గు

ఒక పెద్ద అడవిలో, పులులకంటే కమిటీలు ఎక్కువున్న అడవిలో, ఒక కాలేజీ ఉండేది. ఆ కాలేజీకి ఒక బాస్కెట్‌బాల్ జట్టు ఉండేది. అడవి చూడటానికొచ్చిన మనుషులెవరో ఒక బంతి మరిచిపోయి వెళ్లారు. దాంతోపాటు బోలెడు ప్లాస్టిక్ కూడా మరిచిపోయారు గానీ, ఆ సంగతి ఇప్పుడొద్దు. జంతువులు రెండు టేకుచెట్లకి అడుగు ఊడిన వెదురుబుట్టలు కట్టి, ఆట మొదలుపెట్టాయి.

జట్టులో ఐదుగురు. కెప్టెన్ హరిణి అనే లేడిపిల్ల. ఆమెతోపాటు ఒక కొండముచ్చు, ఒక కుందేలు, ఒక ముంగిస, ఒక అడవిపిల్లి. పిల్లలు బాగా ఆడేవారు. ఈ మాట నేను ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కథలో ఇంకెవరూ చెప్పరు.

ఈ జట్టుకి వీరాభిమాని జాంబయ్య అనే ఎలుగుబంటి. అతనిది తేనె వ్యాపారం. జట్టు గెలిచిన మర్నాడు కొన్నవాళ్లకి కొసరు పోసేవాడు. ఓడిన మర్నాడు కొనడానికొచ్చినవాళ్లని కసిరి పంపేవాడు. మ్యాచ్ ఉన్న రోజు దుకాణమే తీసేవాడు కాదు. అందరికంటే ముందు మైదానానికి చేరి, వేదిక వెనక నేరేడుచెట్టు కింద కూర్చుని, గొంతు పోయేదాకా అరిచేవాడు.

అయితే ఆ అరుపులన్నీ సొంత అడవిలోనే. పొరుగు అడవుల్లో మ్యాచ్ అంటే అతని భార్య జుంటమ్మ ఒప్పుకునేది కాదు.

"ఇక్కడ ఆడితే వెళ్లు, కాదనను. బంతి వెనకాల పొలిమేర దాటావంటే మాత్రం మళ్లీ ఈ గుహలో అడుగుపెట్టకు" అనేది.

అందుకని బయటి మ్యాచ్‌ల కబుర్లు రామచిలక మోసుకొచ్చేది. "మనవాళ్లు గెలిచారు!" అని చిలక అరవగానే జాంబయ్య గుహలోనే గెంతులేసేవాడు. ఆ గెంతులకి ఎన్ని తేనెకుండలు పగిలాయో జుంటమ్మకే తెలియాలి.

ఆ ఏడు జట్టు తీరు విచిత్రంగా ఉంది. బయటికి వెళ్తే గెలుస్తుంది, ఇంటి దగ్గర ఆడితే ఓడుతుంది. వాగు పక్క అడవిలో గెలిచింది, ఇంటికొచ్చి ఓడింది. కొండమీది అడవిలో దుమ్ము దులిపింది, ఇంటికొచ్చి మళ్లీ ఓడింది. సొంత మైదానం, సొంత బుట్టలు, సొంత జనం. అయినా ఓటమే.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ఆ కాలేజీకి కరస్పాండెంటు కేసరిగారనే సింహం. ఆయనకి మైకంటే ప్రాణం. ఆయన ఆధ్వర్యంలో ఒక సన్మాన సంఘం, దానికి కార్యదర్శి గోవర్ధనం అనే గుంటనక్క. సొంత మైదానంలో మ్యాచ్ ఉన్నప్పుడల్లా, ఆటకి ముందు ఆటగాళ్లకి సన్మానం. జ్యోతి వెలిగించడం, ప్రార్థన, స్వాగతోపన్యాసం, తొలి పలుకులు, మలి పలుకులు. అంతసేపూ పిల్లలు మిట్టమధ్యాహ్నం ఎండలో, మందపాటి గడ్డిశాలువాలు కప్పుకుని, మెడనిండా దండలతో నిలబడాలి. చివర్లో కడుపునిండా విప్పపువ్వు పాయసం తాగాలి. తాగకపోతే సంఘాన్ని అవమానించినట్టు.

పైగా శాలువా కప్పేది సింహం. సింహం తన మెడమీద చేతులేస్తుంటే ఏ లేడికి కాళ్లు వణకవు చెప్పండి? ఆ వణుకు తగ్గేసరికి సగం ఆట అయిపోయేది.

పొరుగు అడవుల్లో ఈ బెడద లేదు. అక్కడిదాకా కేసరిగారూ రారు, గోవర్ధనమూ రాడు. మైకు మోయడం కష్టం మరి.

ఇంటి దగ్గర వరసగా ఓడుతుంటే జనం గొడవచేశారు. కేసరిగారు సభ పెట్టి, "మనం సొంత మైదానంలో ఎందుకు ఓడుతున్నాం? నిర్భయంగా చెప్పండి" అని గర్జించారు. ఆ గర్జనకి సగం సభ పొదల్లోకి పారిపోయింది.

హరిణి మాత్రం ధైర్యం చేసి లేచింది. "అయ్యగారూ, మరేం లేదు. ఆటకి ముందు ఆ సన్మానం కొంచెం..."

"కూర్చోమ్మా!" అన్నాడు గోవర్ధనం చటుక్కున. "చిన్నపిల్లవి, అలిసిపోయుంటావు. నేను చెప్తాను. బయట మనం గెలిచినప్పుడు అక్కడ లేనివాడెవడు? ఇక్కడ ఓడిన ప్రతిసారీ ఉన్నవాడెవడు?"

సభ ఆలోచనలో పడింది. గోవర్ధనం తోక నెమ్మదిగా తిరిగి జాంబయ్య వైపు ఆగింది.

"ఐరన్ లెగ్గు!" అని ఎవరో అరిచారు. ఇంకేముంది, సభంతా అదే మాట.

ఆ లెక్కన సింహం కాలూ చూడాలి, నక్క కాలూ చూడాలి. వాళ్లూ బయట లేరు, ఇక్కడ ఉన్నారు. కానీ కేసరిగారి కాలి గురించి మాట్లాడే జంతువు ఆ అడవిలో పుట్టలేదు. తేనె అమ్ముకునే ఎలుగుబంటి కాలి గురించి మాట్లాడటానికి మాత్రం తాబేలుక్కూడా నోరొచ్చింది.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. జాంబయ్య ఎదురుతిరగాల్సింది. తిరగలేదు. పిచ్చివాడు నమ్మేశాడు! అంత ప్రేమించేవాడికి, తప్పు తనదేనంటే నమ్మడం తేలిక కాబోలు.

ఆ సాయంత్రం గుహలో కూర్చుని కుడికాలికి పసుపు రాసుకుంటూ కన్నీళ్లు పెట్టుకున్నాడు. "నావల్లే ఓడుతున్నారే. నా కాలు ఇనుమట."

జుంటమ్మ నడుంమీద చేతులు పెట్టుకుంది. "ఇనుమైతే మొన్న తుమ్మముల్లు గుచ్చుకున్నప్పుడు అడవి దద్దరిల్లేలా ఎందుకేడ్చావయ్యా?"

"నీకు ఆట తెలీదు. ఊరుకో."

తర్వాతి మ్యాచ్‌కి ఎడమకాలు ముందుపెట్టి వచ్చాడు. ఓడారు. ఆ తర్వాతి దానికి వెనక్కి నడుస్తూ వచ్చాడు. ఓడారు. ఇంకోసారి ఆటంతా కళ్లు మూసుకుని కూర్చున్నాడు. అప్పుడూ ఓడారు, పైగా జాంబయ్యకి ఎలా ఓడారో కూడా తెలియలేదు.

అయినా బయటి గెలుపుల పుణ్యమా అని జట్టు ఫైనల్‌కి చేరింది. ప్రత్యర్థి ఏటవతలి అడవి కాలేజీ. ఫైనల్ మాత్రం మన మైదానంలోనే. ఈ వార్త విని అందరూ సంతోషించారు, ఐదుగురు ఆటగాళ్లు తప్ప.

గోవర్ధనం జాంబయ్య దుకాణానికొచ్చి, అడక్కుండానే తేనె నాకుతూ మొదలుపెట్టాడు.

"జాంబయ్యా, నీ కాలు మనవాళ్లని ఓడించగలిగితే, ఎదుటివాళ్లని ఓడించలేదా?"

"అంటే?"

"ఫైనల్‌కి నువ్వు వాళ్లవైపు కూర్చోవాలి. వాళ్ల రంగు వేసుకోవాలి. వాళ్లు గెలవాలని అరవాలి. నీ కాలు పని నీ కాలు చేసుకుపోతుంది. మనం గెలిస్తే నేరేడుచెట్టు కింది చోటు బతికినన్నాళ్లూ నీదే. మాట తప్పి ఇటువైపు అడుగేశావో, మైదానం గేటు నీకు శాశ్వతంగా మూసేస్తాం."

జాంబయ్య ఆలోచించాడు. తన జట్టు ఫైనల్ ఆడుతుంటే ఎదుటివాళ్లకి జై కొట్టాలి. కానీ కొట్టకపోతే ఆ చోటే ఉండదు. చోటు పోతే మ్యాచ్ లేదు, హరిణి బంతి పట్టుకుని గాల్లోకి లేవడం చూసే భాగ్యం లేదు. ఆ గెంతు చూడకుండా బతకడం ఎలాగో అతనికి తెలియదు.

"సరే" అన్నాడు.

గెలుపు ఖాయమైపోయిందని సంఘం సంబరపడింది. కాలు మన చేతిలో ఉండగా ప్రాక్టీసు దేనికని, పిల్లల్ని వేదిక కట్టే పనిలో పెట్టారు. ఎలాగూ గెలుస్తాం కాబట్టి విజయోత్సవ సన్మానం కూడా ఆటకి ముందే కలిపేశారు.

ఫైనల్ రోజు జాంబయ్య మెడలో వాళ్ల రంగు మోదుగపూల దండ వేసుకుని ఏటవతలివాళ్ల మధ్య కూర్చున్నాడు. పక్కన ఒక ముసలి ముళ్లపంది. మంచిమనిషి, అదే, మంచి పంది. ముళ్లు గుచ్చుకోకుండా సర్దుకుని చోటిచ్చింది.

సన్మానం మొదలైంది. జ్యోతి వెలిగింది. కేసరిగారు మైకు ముందు గొంతు సవరించుకున్నారు.

"ఏం తమ్ముడూ, ఇక్కడ పెళ్లేమైనా ఉందా?" అని అడిగింది ముళ్లపంది.

"సన్మానం."

"ఎవరికి?"

"ఆటగాళ్లకి."

"మరి మాకు లేదే?"

"అతిథులకి శాలువాలు చాల్లేదట."

"బతికిపోయాం" అంది ముళ్లపంది. "అయ్యో, అటు చూడు తమ్ముడూ, ఆ లేడిపిల్ల పడిపోయేలా ఉంది."

జాంబయ్య చూశాడు. ఇన్నాళ్లూ నేరేడుచెట్టు కిందనుంచి అతనికి కనిపించింది ఆటగాళ్ల వీపులు, మెరిసే శాలువాలు మాత్రమే. ఇవాళ మొదటిసారి ఎదురుగా ముఖాలు కనిపించాయి. హరిణి పెదాలు ఎండిపోయి ఉన్నాయి. కుందేలు నాలుక బయటపెట్టి రొప్పుతోంది. ముంగిస నిలబడే నిద్రపోతోంది. వాళ్ల వెనక గోవర్ధనం పాయసం గంగాళాన్ని దొర్లించుకొస్తున్నాడు.

"ఓరి దేవుడా" అన్నాడు జాంబయ్య. తన కాలు చూసుకున్నాడు. అది మామూలు ఎలుగుబంటి కాలు. దానిమీద జాలేసింది. అంతలోనే కోపమొచ్చింది, కోపంకంటే ఎక్కువగా పిల్లల్ని చూసి ఏడుపొచ్చింది.

అయినా లేవలేదు. లేస్తే గేటు మూసేస్తారు. మొదటి సగమంతా కళ్లు మూసుకుంటూ, తెరుస్తూ కూర్చున్నాడు. అటు మనవాళ్లు బంతి పట్టుకోలేక ఒకరిమీద ఒకరు పడుతున్నారు. స్కోరు చెప్పడం మర్యాద కాదు.

విరామం వచ్చింది. "మలి విడత సన్మానం!" అని గోవర్ధనం మైకులో పిలిచాడు.

ఇక జాంబయ్య ఆగలేదు. మోదుగదండ తెంపి ముళ్లపంది ఒళ్లో వేసి, తాగునీళ్ల కుండ ఎత్తుకుని, మైదానానికి అడ్డంగా పరిగెత్తాడు.

"ఐరన్ లెగ్గు వస్తోంది! ఆపండి!" అని జనం కేకలు.

జాంబయ్య వినలేదు. ఐదుగురి శాలువాలూ లాగి పారేశాడు. కుండెడు నీళ్లు నెత్తిమీద గుమ్మరించాడు. గంగాళాన్ని కాలితో తన్నాడు. విప్పపువ్వు పాయసం వెళ్లి కార్యదర్శిగారి పాదాలు కడిగింది.

"బాబాయ్, నిన్ను రానివ్వరు ఇంక" అంది హరిణి నీళ్లు కారుతున్న ముఖంతో.

"రానివ్వకపోతే పోనీవే తల్లీ. నువ్వు ఆడు."

రెండు అడవిదున్నలు వచ్చి జాంబయ్యని ఈడ్చుకెళ్లి గేటు అవతల పడేశాయి. గడియ పడింది.

అతనికేమీ కనిపించలేదు, వినిపించింది. ముందు ఒక చిన్న కేక. తర్వాత ఇంకోటి. తర్వాత జనమంతా లేచి అరవడం. హరిణి గాల్లోకి లేచిందని కేక తీరునిబట్టి తెలిసిపోయింది. ఒకటి, మరొకటి, ఇంకొకటి. స్కోరు దగ్గరపడుతోంది. సమానమైంది! ఒక బుట్ట ఆధిక్యం! జాంబయ్య గేటు బయట ఒంటరిగా గంతులేశాడు.

అప్పుడే ఏటవతలివాళ్లు కాస్త విరామం అడిగారు.

మైదానం నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో మైకు గుర్రుమంది. కేసరిగారు గొంతు సవరించుకున్నారు.

"ఈ చారిత్రక ఘట్టంలో రెండు మాటలు మాట్లాడకుండా ఉండలేకపోతున్నాను."

జాంబయ్య గేటుకి తల ఆనించి భోరుమన్నాడు.

రెండు మాటలు పొద్దు వాలేదాకా సాగాయి. ఉతికి ఆరేసిన శాలువాలు వచ్చాయి. ఇంకో గంగాళం వచ్చింది. ఆట మళ్లీ మొదలయ్యేసరికి ముంగిసని లేపడానికే సమయం చాల్లేదు. ఒక్క బుట్ట తేడాతో కప్పు ఏరు దాటి వెళ్లిపోయింది.

ఓటమి మీద విచారణ జరిగింది. విచారణ సంఘంలో సభ్యుడు ఒకడే, గోవర్ధనం. ఐరన్ లెగ్గు మైదానం దాటడంవల్ల దోషం తగిలిందనీ, దాన్ని బయటికి నెట్టగానే జట్టు పుంజుకుందనీ, గేటుకి ఆనుకోగానే మళ్లీ పడిపోయిందనీ తేల్చాడు. అందరికీ అర్థమైంది. గేటు జాంబయ్యకి శాశ్వతంగా మూసుకుంది.

జాంబయ్య గుహలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిండి మానేశాడు. తేనె ముట్టుకోని ఎలుగుబంటిని చూసి జుంటమ్మకే భయమేసింది.

"లే" అంది ఒక పొద్దున. "పిల్లలు కొండమీది అడవిలో ఆడుతున్నారట. పద."

"పొలిమేర దాటితే గుహలోకి రానివ్వనన్నావు?"

"నేనూ దాటుతున్నాగా. ఇద్దరం ఎలాగోలా లోపలికొద్దాం."

ఇద్దరూ కొండెక్కారు. అక్కడ వేదిక లేదు, మైకు లేదు, నీడలో రాళ్లమీద కూర్చుని ఆట చూడటమే. మనవాళ్లు గెలిచారు. జాంబయ్య ఇనపకాలు అక్కడే, మైదానం అంచునే, నేలమీద ఆని ఉంది. అయినా గెలిచారు. జుంటమ్మకి నియమాలు ఒక్కటీ అర్థం కాలేదు గానీ, అరవడంలో మొగుణ్ణి మించిపోయింది.

అప్పట్నుంచి జట్టు బయట ఆడిన ప్రతి మ్యాచూ జాంబయ్య కళ్లారా చూశాడు, ప్రతిదీ గెలిచింది. అతను వెళ్లిన సంగతి సొంత అడవిలో ఎవరికీ తెలియదు, రామచిలక గెలుపోటములు తప్ప ఇంకేమీ మోసుకురాదు, ఇంకెవరూ పొలిమేర దాటరు కాబట్టి. ఇంటి దగ్గర ఆడిన ప్రతి మ్యాచూ మాత్రం ఓడింది.

జాంబయ్య మైదానంలో లేకుండా ఎలా ఓడారని ఒక ఉడుత లేచి అడగబోయింది. గోవర్ధనం మళ్లీ విచారించాడు. మ్యాచ్ జరుగుతుండగా జాంబయ్య తన గుహలో మైదానం వైపు కాళ్లు చాపుకుని పడుకున్నాడని సాక్ష్యం దొరికింది. సత్యం వెలికితీసినందుకు మర్నాడు, మ్యాచ్‌కి ముందు, కేసరిగారు గోవర్ధనానికి శాలువా కప్పారు. ఆటగాళ్లు ఎండలో నిలబడి చప్పట్లు కొట్టారు.

నీతి: కప్పు పోయినా ఫరవాలేదు, నింద మొయ్యడానికి ఒక నిజమైన అభిమాని ఉంటే ఏ సన్మాన సంఘమైనా చల్లగా వర్ధిల్లుతుంది.