చక్రపాణి వేసిన రోడ్డు

ఆ సోమవారం పొద్దున చక్రపాణి పెట్టుకున్న పని ఒక్కటే, సాయంత్రం కొత్త చెప్పులు కొనుక్కోవాలి. పాతవి నడిచి నడిచి అరిగిపోయాయి. మేడ్చల్ దగ్గర మోటారు పంపుల ఫ్యాక్టరీలో అతను స్టోర్సు గుమాస్తా. అలియాబాద్‌లో గది. రోజూ తన ఊరికి చాలా ముందే బస్సు దిగి, మిగతా దూరం నడుస్తాడు. చూసినవాళ్ళు ఆరోగ్యం మీద శ్రద్ధ అనుకుంటారు. నిజానికి ఆ గదికి ఎంత ఆలస్యంగా చేరితే అంత మంచిదని అతని ఆలోచన.

అలా అనుకున్నవాళ్ళలో మేనేజరు వెంకటరామయ్య ఒకరు. "కంపెనీలన్నీ కలిసి శామీర్‌పేటలో పరుగు పందెం పెడుతున్నాయయ్యా. కంపెనీకి ఐదుగురు. కారులోంచి నిన్ను రోజూ చూస్తూనే ఉన్నాను. నువ్వే కెప్టెన్‌వి!" అన్నారు.

పరుగు సంగతేమో గానీ, ఐదుగురు అన్న మాట చక్రపాణి చెవిలో నిలిచిపోయింది. ఐదుగురంటే పొద్దున్నే కలవాలి. కలిస్తే చాయ్ తాగాలి. చాయ్ తాగుతూ ఎంతసేపని ఊరుకుంటారు, ఏదో ఒకటి మాట్లాడుకోవాలి. చెప్పుల సంగతి మరిచి ఆ రోజే మనుషులను అడిగాడు.

"ఉరుకుడే గద సారూ! మస్తుగ ఉరుకుత," అన్నాడు లేత్ మిషను బాలేష్.

"మా అత్త పంపిస్తే నేను గూడ వస్త," అంది ప్యాకింగులో పనిచేసే స్రవంతి. మరో ఇద్దరు తలూపారు. ఆదివారం పొద్దున్నే అలియాబాద్‌లో ప్రాక్టీసుకు కలుద్దామన్నాడు చక్రపాణి.

ఆదివారం తెల్లవారకముందే చక్రపాణి అలియాబాద్ చేల మధ్య బండిబాట మీద టేపు పట్టుకుని కొలిచాడు. సున్నంతో గీతలు వేశాడు. స్టోర్సులో మిగిలిన ఎర్రగుడ్డను చింపి, పుల్లలకు కట్టి, దారి పొడవునా జెండాలు పాతాడు. తరవాత ఐదుగురికి సరిపడా చాయ్ ఉన్న ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఎండెక్కింది. ఎవరూ రాలేదు.

వచ్చింది గౌరయ్య. చక్రపాణి ఉంటున్న గది అతనిదే. ఒకటో తారీఖున తప్ప ఇద్దరికీ మాటల్లేవు. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల ఎవరి నోట విన్నా రింగు రోడ్డు మాటే. ఎవరి చేలోంచి పోతుందో తెలియక ఊళ్ళకు ఊళ్ళే నిద్ర మానుకున్నాయి. గౌరయ్య టేపును చూశాడు, సున్నాన్ని చూశాడు, జెండాలను చూశాడు.

"సారూ, గిట్లకెల్లేనా పోయేది?"

"అవునండీ, ఇటునుంచే."

"ఎప్పుడు మొదలైతది?"

"ఇవాళే అనుకున్నాం. మనుషులు రాలేదు."

"గంత జల్దీనా! మాకు ఖబరే లేదాయె. మరి నా మక్కజొన్న?"

"మీ మక్కజొన్నకేం కాదు. పక్కనుంచి పోతాం."

గౌరయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. మక్కజొన్న మీద ఇంత ప్రేమ ఉంటుందా అని చక్రపాణి ఆశ్చర్యపోయి, అతనికో చాయ్ పోశాడు.

సాయంత్రం తలుపు చప్పుడైంది. గౌరయ్య భార్య పద్మమ్మ, స్టీలు గిన్నె నిండా కోడికూరతో నిలబడి ఉంది.

"గిన్ని దినాలు గోడ అవతలే ఉన్నరు, సర్వే సారని మాకెర్కనే లేదు. రోడ్డు మా చేను మీదికెల్లి పోకుంట జూసిన్రంట. తిన్నరా సారూ?"

చక్రపాణికి అంతా అర్థమైంది. నోరు తెరిచాడు. కానీ ఆమె చివర్లో అడిగిన మాట అడ్డం పడింది. తిన్నావా అని తనను ఎవరైనా అడిగి ఎన్నాళ్ళైందో గుర్తు చేసుకోవడంలో పడి, చెప్పవలసింది మింగేశాడు. రేపు చెబుదాం అనుకున్నాడు. కూర చాలా బాగుంది.

మర్నాడు జెండాలు ఉన్నచోట లేవు. ఎవరి చేను పక్కన ఉన్నది వాళ్ళు పీకి పొరుగువాడి గట్టు మీద పాతారు. ప్లాట్ల వ్యాపారం చేసే వీరేందర్ మాత్రం, రోడ్డు పక్కనైతే ధర పెరుగుతుందని, ఉన్నవాటిలో సగం తన వెంచరు చుట్టూ గుచ్చుకున్నాడు. చక్రపాణి వాటిని మళ్ళీ సరిచేస్తుంటే చూసినవాళ్ళు, కొత్త సర్వే మొదలైందని ఊళ్ళో చెప్పారు. తమ చేను తప్పించమని వచ్చినవాళ్ళ చెప్పులు గది ముందు గుట్టపడ్డాయి.

"నా చేతుల్లో ఏమీ లేదండీ," అన్నాడు చక్రపాణి. అది నిజమే.

"పెద్ద ఆఫీసర్లంత గిట్లనే అంటరు," అన్నాడు వీరేందర్ మెచ్చుకోలుగా.

వార్త ఫ్యాక్టరీకి కూడా పాకింది. బాలేష్‌కు ఆ పక్కనే కాస్త భూమి ఉంది. తరవాతి ఆదివారం బాలేష్ వచ్చాడు, అతని బావమరుదులు వచ్చారు, స్రవంతితో పాటు అత్తగారు వచ్చింది. చక్రపాణి మురిసిపోయి ముందు పరుగెత్తాడు. రాత్రికి రాత్రి మళ్ళీ చోటు మారిన జెండాలు ఎటు ఉంటే అటు జట్టు, జట్టు ఎటు పోతే అటు ఊరు. తుమ్మచెట్ల కింద దూరి, ఎవరిదో పశువుల కొట్టం చుట్టూ తిరిగి, అందరూ దుర్గాబాయి అనే ముసలామె బావి దగ్గర ఆగిపోయారు. చివరి జెండా బావి గట్టునే ఉంది. దాని పక్కన దుర్గాబాయి కూర్చుని ఉంది.

"నాకున్నదే గీ బాయి, గీ అర్ధెకరం బిడ్డా," అంది ఆమె. "నన్ను గూడ గీ బాయిలనే పూడ్చి ఏస్కో నీ రోడ్డు."

చక్రపాణి వెనక్కి తిరిగి చూశాడు. అంతమంది తన వెంట ఎప్పుడూ నడవలేదు. మళ్ళీ ఎప్పుడూ నడవరని కూడా అతనికి తెలుసు. వంగి జెండా పీకేశాడు.

"రోడ్డు లేదమ్మా. నేను సర్వే మనిషిని కాదు. ఇది పరుగు పందెం కోసం."

వీరేందర్ ముందుకొచ్చి అతని చేతిలోని జెండాను ఎగాదిగా చూశాడు.

"ఉరుకుడు కోసమా?" అన్నాడు వీరేందర్. "ఉరకనీకి టేపెందుకయ్యా? కాళ్ళు లెవ్వా?"

"కోడిని గోసిన సారూ నీకోసం!" అన్నాడు గౌరయ్య. ఆ గొంతులో కోపం కన్నా కోడి మీద దిగులే ఎక్కువ వినిపించింది. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. బాలేష్‌కు ఉన్నట్టుండి మోకాలు నొప్పి పుట్టింది. స్రవంతిని అత్తగారు చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

పందెం రోజున చక్రపాణి కంపెనీ ఇచ్చిన ఐదు చొక్కాల్లో ఒకటి వేసుకుని, నాలుగు సంచిలో పెట్టుకుని శామీర్‌పేటకు వెళ్ళాడు. ఐదుగురు లేనిదే జట్టు కాదని అక్కడివాళ్ళు చెప్పారు. ఊరికే పరుగెత్తవచ్చా అని అడిగాడు. పరుగెత్తమన్నారు. కాసేపు పరుగెత్తి తరవాత నడిచాడు. అతను చివరికి చేరేసరికి పందెం బ్యానరు విప్పేస్తున్నారు. ఎక్కడికైనా తొందరగా చేరడం అతనికి ఎప్పుడూ అలవాటు లేదు.

తరవాతి రోజుల్లో తలుపు చప్పుడు కాలేదు. అలికిడైన ప్రతిసారీ లేచేవాడు, చూస్తే గాలి. లేచాడు కనక ఊరికే కూర్చోలేక, పద్మమ్మ స్టీలు గిన్నెను ఒకసారి కడిగి కిటికీలో బోర్లించేవాడు.

ఒక సాయంత్రం నిజంగానే తలుపు చప్పుడైంది.

"నా గిన్నె," అంది పద్మమ్మ, గడప అవతలే నిలబడి. సారూ అనలేదు.

కిటికీలో గిన్నె అద్దంలా మెరుస్తోంది. చక్రపాణి దానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఖాళీ గిన్నె ఎలా ఇస్తానండీ? ఏదైనా వండి, అందులో పెట్టి ఇస్తాను."

"వంటొస్తదా నీకు?"

"రాదు."

పద్మమ్మ అతన్ని, అతని గదిని, ఆరిన స్టవ్వును చూసింది. చేయి ఊపింది. "మంచిగనే ఉన్నది నీ కత. రేపొస్త తియ్యి."

ఆమె వెళ్ళాక చక్రపాణి ఆ గిన్నెను మరోసారి కడిగాడు.