సూదిమాస్టారి ఫోర్కు సాధన

సూదిమాస్టారు వారం రోజులుగా దారం తింటున్నాడు.

నిజంగా మింగలేదు లెండి. మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు పళ్ళెంలో తెల్ల ఉన్నిదారం కుప్పగా పోసుకుని, ఫోర్కుతో చుట్టి, నోటిదాకా తెచ్చి మళ్ళీ దించుతున్నాడు. ముప్పై ఏళ్ళుగా కోట్లు కుడుతున్న చెయ్యి అది. కళ్ళు మూసుకుని కూడా సూదిలో దారం ఎక్కించగలదు. ఫోర్కు పట్టుకునేసరికి మాత్రం దారమంతా జారిపోతోంది.

సంగతేమిటంటే, ఆయన కూతురు తనతో పనిచేసే కుర్రాణ్ణి ఇష్టపడింది. కుర్రాడి తండ్రి పళ్ళ డాక్టరు. రెండిళ్ళవాళ్ళూ మొదటిసారి కలుసుకోవడానికి ఆదివారం మధ్యాహ్నం, బస్టాపు ఎదురుగా ఉన్న ఇటాలియన్ హోటల్లో భోజనమని పిల్లలు నిర్ణయించారు. తండ్రులిద్దరూ అంతకు ముందు ఫోన్లో ఒక్కసారి మాట్లాడుకున్నారు. మాట్లాడటమంటే, ఈయన "ఆహా" అన్నాడు, ఆయన "ఓహో" అన్నాడు, ఇద్దరూ పెట్టేశారు.

"నాన్నా, నువ్వు మామూలుగా ఉంటే చాలు" అంది కూతురు.

ఆ మాటే ఆయన్ని బెదరగొట్టింది. తను మామూలుగా ఎలా ఉంటాడో ఆయనకి తెలుసు. కిందటేడు కూతురి ఆఫీసువాళ్ళ విందులో మామూలుగానే నూడుల్స్ పీలిస్తే, ఒక పోగు కొరడాలా లేచి ఆమె పై అధికారి కళ్ళద్దాల మీద వాలింది. ఇప్పుడు తన ఫోర్కు జారితే దాంతోపాటు కూతురి సంబంధం కూడా జారిపోతుందని ఆయన భయం.

భార్య పళ్ళెం చూడనే చూసింది.

"ఉప్పు సరిపోయిందా అండీ?"

"వెక్కిరించకు. అవతల పళ్ళ డాక్టరు. మనం నోరు తెరిస్తే చాలు, ఆయనకి అన్నీ కనబడతాయి."

"కనబడనివ్వండి. చేత్తో తినేస్తే సరి."

"ఆ హోటల్లో చేత్తోనా? నీకేం తెలుసు అక్కడి సంగతులు?"

"నాకేం తెలుస్తుంది లెండి" అని ఆవిడ దారాన్ని ఉండ చుట్టుకుని లోపలికి వెళ్ళింది. ఆవిడ అంత తొందరగా ఒప్పుకుంటే అనుమానించాలని ఇన్నేళ్ళ కాపురంలోనూ మాస్టారికి తట్టలేదు.

శనివారానికి ఆయన ఒక పథకం వేశాడు. శనివారం మధ్యాహ్నాలు భార్య మోకాళ్ళ వ్యాయామానికి వెళుతుంది. మొదలుపెట్టి నెలయింది. మోకాళ్ళ సంగతేమో గానీ మనిషి నిండుగా తయారైంది. జాకెట్లకి రెండుసార్లు కుట్లు విప్పి వదులు చేసింది మాస్టారే. కండ పడుతోంది కాబోలని సంతోషించాడు కూడా. ఆవిడ ఇంట్లో లేని ఆ వేళకి అదే హోటలుకి వెళ్ళి, అసలు సరుకు మీద ఒకసారి సాధన చేసి వచ్చేస్తే ఆదివారం గట్టెక్కవచ్చు. బొత్తాల కోసం బజారుకి వెళుతున్నానని ఇంట్లో చెప్పాడు.

"అయితే నల్లవి తెండి, ఎనిమిది" అంది భార్య.

కొట్లో నల్లకోటు పనేమీ లేదు. అడిగితే మాట పెరుగుతుందని తలూపి బయటపడ్డాడు.

హోటల్లో బల్లల మీద గళ్ళ గుడ్డలు, వెనకవైపు ఎర్రగా మండే పొయ్యి. వెయిటరు వేసుకున్న కోటు మాస్టారి కోటుకన్నా బాగుంది. అయితే ఎడమ భుజం దగ్గర కుట్టు పోయి ఉండటం చూసి ఆయనకి కొంచెం ధైర్యం వచ్చింది. మెనూలో ఒక్కొక్క పేరూ టేపంత పొడుగుంది. అన్నిటికన్నా పొడుగాటి పేరు మీద వేలు పెట్టాడు.

ఎర్రటి సాసులో మునిగి, నూడుల్స్ లాంటి పొడుగు పోగుల స్పగెట్టీ వచ్చింది. మాస్టారు ఫోర్కు గుచ్చి తిప్పాడు. తిప్పినకొద్దీ చుట్టుకుంది. చివరికి పళ్ళెమంతా ఖాళీ అయి, ఫోర్కు చివర క్రికెట్ బంతి ఒకటి తయారైంది. ఇది ఏ నోట్లో పడుతుందా అని ఆయన ఆలోచిస్తుండగా, పక్క బల్ల మీంచి ఒక పోగు ఎగిరొచ్చి ఆయన మోచేతి మీద పడింది.

పక్క బల్ల దగ్గర ఒక బట్టతలాయన ఒంటరిగా కూర్చుని చెమటలు కక్కుతున్నాడు. పరుగున వచ్చి క్షమించమని చెయ్యి తుడిచాడు. ఆయన పళ్ళెంలో కూడా ఒక క్రికెట్ బంతి ఉంది. అది చూశాక ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. బట్టతలాయన తన పళ్ళెం తెచ్చుకుని ఇక్కడే కూర్చున్నాడు.

అప్పుడు మాస్టారికి కుట్టుమిషను గుర్తొచ్చింది. దారం కుప్పంతా ఒకేసారి బాబిన్‌కి ఎవరైనా చుడతారా? రెండు పోగులు పక్కకి తీసి, పళ్ళెం అంచుకి ఆనించి, మెల్లగా తిప్పాడు. బుద్ధిగా చుట్టుకున్నాయి. బట్టతలాయనకి కూడా నేర్పాడు. మూడో ముద్దకి ఆయన కళ్ళు చెమర్చాయి.

"మీరు దేవుడిలా దొరికారండీ. రేపు మా కాబోయే వియ్యంకుణ్ణి ఇక్కడే కలవాలి. పెద్ద కోట్లాయనట. మనిషిని చూస్తూనే తల నుంచి కాళ్ళదాకా కొలిచేస్తాడట. నేనేమో మామూలు పళ్ళ డాక్టర్ని. వారం నుంచి ఇంట్లో ఇదే సాధన."

మాస్టారు నమలడం ఆపి నోరు గట్టిగా మూసుకున్నాడు.

తమరేం చేస్తారని డాక్టరు అడిగాడు. బొత్తాల వ్యాపారమని మాస్టారి నోటికి వచ్చేసింది. అయితే కోట్లు కుట్టేవాళ్ళు మీకు తెలిసే ఉంటారు, ఎలాంటివాళ్ళని డాక్టరు ఆత్రంగా అడిగాడు.

"చాలా మెత్తటివాళ్ళండీ" అన్నాడు మాస్టారు, పళ్ళెంలోకి చూస్తూ.

ఇక నిజం చెప్పేద్దామని గొంతు సవరించుకునేలోపు వీధి తలుపు తెరుచుకుంది. నవ్వుకుంటూ ఇద్దరు ఆడవాళ్ళు లోపలికొచ్చారు. ఎప్పుడూ కూర్చునే కిటికీ పక్క బల్లేనా అమ్మా అని వెయిటరు వాళ్ళకి ఎదురెళ్ళాడు.

డాక్టరు చటుక్కున మెనూ ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. మాస్టారు కూడా అదే పని చేశాడు.

"మా ఆవిడ" అని గొణిగాడు డాక్టరు.

"పక్కనున్నది మా ఆవిడ" అని గొణిగాడు మాస్టారు.

డాక్టరు తన మెనూ కొంచెం పక్కకి జరిపి చూశాడు.

"బొత్తాల వ్యాపారమన్నారు?"

"కోట్ల మీదే కుడతానండీ, బొత్తాలు."

కిటికీ పక్క ఆడవాళ్ళు చేతులు కడుక్కొచ్చి కూర్చున్నారు. ఇంత పెద్ద పిజ్జా వచ్చింది. ఫోర్కుల వంక ఎవరూ కన్నెత్తి చూడలేదు. చీజు తీగలు సాగదీసుకుంటూ, చేతులతో హాయిగా తింటున్నారు. తను రెండుసార్లు విప్పిన కుట్లు మాస్టారికి అప్పుడు గుర్తొచ్చాయి.

"ఏమండీ" అంది భార్య, ఇటు తిరగకుండానే. "ముఖం దాచుకుంటే సరా? ఆ మోచేతి అతుకు నేను వేసిందే. బొత్తాలు దొరికాయా?"

"ఏమండీ, మీరు పీకుతానన్న పన్ను ఊడిందా?" అని డాక్టరు భార్య తన వంతు అందుకుంది.

తర్వాత సంగతంతా బయటపడింది. మగాళ్ళిద్దరూ బెదిరిపోతారని పిల్లలు చెప్పగానే, నెల కిందటే ఆడవాళ్ళు కలుసుకున్నారు. మొదటి శనివారమే ఫోర్కులు పక్కన పడేశారు, రెండో వారానికి వదినా వదినా అనుకున్నారు. డాక్టరు ఇంట్లో పళ్ళ సందులు తోమే దారంతో సాధన చేస్తున్నాడని ఫోన్లో విన్నరోజు, ఇక్కడ ఉన్నిదారం సంగతి చెప్పుకుని ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుకున్నారట.

"అయితే ఈ సంబంధం..." అన్నాడు మాస్టారు.

భార్య సంచిలోంచి ఒక చీటీ తీసి ఇచ్చింది. ఛాతీ, భుజం, నడుము, చెయ్యి. ఆవిడ రాతే. ఎడమ చెయ్యి పావు అంగుళం పొడుగని కూడా రాసుంది. పోయిన శనివారం డాక్టరుగారబ్బాయి పిజ్జా తినడానికి వస్తే లేచి నిలబడమన్నారట, టేపు మాస్టారిదేనట. ఆయన చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు. తప్పు పట్టడానికి ఒక్క అంకె కూడా దొరకలేదు.

"పెళ్ళికోటుకి నల్ల బొత్తాలే బాగుంటాయి" అంది ఆవిడ. "బజారు తెరిచే ఉంటుంది."

మాస్టారు లేచాడు. నేనూ వస్తాను బావగారూ అంటూ డాక్టరు కూడా లేచాడు. గుమ్మం దాకా వెళ్ళాక మాస్టారికి అనుమానం వచ్చి వెనక్కి తిరిగాడు.

"మరి రేపు పిల్లల ముందు మేమేం చెయ్యాలి?"

భార్య ఇంకో ముక్క తుంచుకుంది.

"మీరు మామూలుగా ఉంటే చాలు."