ఆఖరి పీరియడ్ విమోచనం

అది శుక్రవారం. భోజనానంతర నిద్రాసామ్రాజ్యం దిగ్విజయంగా విస్తరించే వేళ. సుద్దపొడి ధూసరితమూ, రెక్క వంగిన పంకా ఘూర్ణారావ భీషణమూ అయిన పదవ తరగతి గది. రసజ్ఞులారా, చెవులొగ్గండి! అక్కడ జరిగిన మహాసంగ్రామాన్ని వినిపిస్తాను.

టైంటేబిల్ ప్రకారం ఆ ఆఖరి పీరియడ్ రాజనీతి శాస్త్రానిది. అయితే త్రికోణమితి గదాధరుడూ, సిలబస్ సాగర లంఘనోత్సాహీ, ప్రచండ డస్టర్ పాణీ అయిన లెక్కల మాస్టారు పదకొండు శుక్రవారాలుగా దానిని ఆక్రమించి నిరంకుశంగా ఏలుతున్నారు. రాజనీతి మేడమ్ వెనక బెంచీలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నారు. ప్రజాస్వామ్యం పాఠం పేజీలు ఎవరి పుస్తకంలోనూ విడిపోలేదు.

ఒక్కరి పుస్తకంలో తప్ప. తరగతంతా ‘రూల్సక్క’ అని ఎగతాళి చేసే మూడో బెంచీ వీరనారి ఆ పాఠం తానే చదువుకొని, అర్థంకాని చోటల్లా పెన్సిలుతో గుర్తు పెట్టుకుంది. పదిహేడు ప్రశ్నలు తేలాయి. అడగడానికి మనిషే లేదు. పన్నెండో శుక్రవారం మాస్టారు సుద్దముక్క ఎత్తగానే ఆమె లేచింది.

"సార్, ఇది రాజనీతి పీరియడండీ."

"అయితే ఏంటమ్మా? లెక్కలొద్దన్నవాళ్ళు చేతులెత్తండి, చూద్దాం!"

ఒక్క చెయ్యీ లేవలేదు. ఎవరి మార్కులు వారికి తీపి.

అప్పుడా నిర్భయ వాగ్ధాటీ ధురంధర గర్జించింది. "మీ కళ్ళెదుట ఎత్తే చెయ్యి ఓటు కాదు సార్, భయం! నాలుగో పాఠంలో రహస్య ఓటు అని ఉంది. చీటీలు రాద్దాం. గదిలో ఉన్న ప్రతి మనిషికీ ఒకటి. మీకూ, మేడమ్‌కీ కూడా!"

మాస్టారు నవ్వారు. "నాకొద్దులే. కానియ్, నీ సరదా ఎందుక్కాదనాలి?"

రఫ్ నోట్సులు చిరిగాయి. ఖాళీ లంచ్ బాక్సు బ్యాలెట్ పెట్టె అయింది. ఆమె ఒక్కొక్క చీటీ విప్పి చదివింది. రాజనీతి, రాజనీతి, రాజనీతి... ఆమె చీటీ పోను, పిరికిపందల సేన ముప్ఫై తొమ్మిది మందీ నీలిసిరాతో తిరగబడ్డారు!

నలభై ఒకటో చీటీలో "లెక్కలు" అని ఉంది. ఎర్రసిరాతో.

ఆ గదిలో ఎర్రపెన్ను ఒక్కరి దగ్గరే ఉంది. ఏ రాణి కోసం కత్తి దూసిందో ఆ రాణే కోట తాళాలు శత్రువుకు అప్పగించినట్టు తెలిసి ఆ వీరనారికి ఏడుపొచ్చింది. అయినా చీటీని మడిచి పెట్టెలో వేసేసింది.

"రాజనీతి నలభై, లెక్కలు ఒకటి."

మాస్టారు డస్టర్ చంకన పెట్టుకొని నిష్క్రమించారు. గంట కొట్టడానికి నాలుగు నిమిషాలుంది. మేడమ్ ముందుకొచ్చి, ఆమె బెంచీ దగ్గర ఆగి, గొంతు తగ్గించారు.

"ఆ ఒక్క ఓటూ ఎవరిదో తెలిసిందా?"

"రహస్య ఓటు కదా మేడమ్. తెలియకూడదు."

మేడమ్ ఎర్రపెన్నుకు మూతపెట్టారు. మూడు నిమిషాలు పుస్తకం అటూ ఇటూ తిప్పారు. "సరే... ఏమైనా సందేహాలున్నాయా?"

"ఉన్నాయి మేడమ్! అందరికీ కావలసిందాన్ని ఎవరూ అడక్కపోతే, అప్పుడది..."

గంట మోగింది.

జయం! జయం! పదకొండు వారాల దాస్యశృంఖలాలు తెంచి, నలభై ఒక్క ఓట్ల మహాయజ్ఞం నడిపి, ఆ వీరనారి సాధించిన సామ్రాజ్యం ఇదీ: పదిహేడు ప్రశ్నలలో ఒకటి. అందులోనూ సగం.