కొంగు కింద గిటారు బేరం

ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో ధనుంజయకు ‘ఎంతంటే అంత’ అని పేరు. దుకాణంవాడు ఎంతంటే అంత ఇచ్చేసి, పైగా వాడికే నమస్కారం పెట్టి వచ్చే మనిషి. వంకాయల నుంచి వాషింగ్ మిషన్ దాకా ఏది కొన్నా వీధిలో అందరికంటే ఎక్కువకే కొన్నాడు. అందుకే అతని భార్య మహేశ్వరి ఇంట్లో ఒక చట్టం చేసింది. అగ్గిపెట్టె కంటే పెద్దది ఏది కొన్నా ధర తేల్చేది తనే.

అట్లాంటి మనిషికి కాలేజీ రోజుల నుంచీ ఎలక్ట్రిక్ గిటారు మీద మనసు. మగ్గం మీద కూర్చున్నా ఎడమచేతి వేళ్లు గాలిలో తీగలు నొక్కుతుండేవి. నలభై దాటాక ఆ కోరిక తీరే రోజు వచ్చింది. ఆదోనిలో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించే జయరాజు తన పాత ఎర్ర గిటారు అమ్ముతున్నాడని తెలిసి, భార్యకు చెప్పకుండా పోయి చూశాడు.

జయరాజు పన్నెండు వేలన్నాడు. ధనుంజయ ఫోన్లో వెతికితే ఒకచోట ఎనిమిదని, ఇంకోచోట పదిహేనని ఉంది. దాంతో బుర్ర తిరిగి, అలవాటు ప్రకారం సరేనన్నాడు. ఎవరూ బేరమాడకుండానే వస్తువు అమ్ముడుపోయేసరికి జయరాజుకే కాస్త వెలితిగా అనిపించింది.

భయం ఆ తర్వాత పట్టుకుంది. పన్నెండని మహేశ్వరికి తెలిస్తే గిటారు వెనక్కి పోతుంది, ఈ జన్మలో తను మళ్లీ తీగ ముట్టడు. ఆ భయంలోంచే ఒక ఉపాయం పుట్టింది. మగ్గం గది రేకులకని దాచిన డబ్బులోంచి ఏడు వేలు తెచ్చి జయరాజు చేతిలో పెట్టాడు. మహేశ్వరి ముందు మాత్రం ఐదు వేలే చెప్పమని, ఆమె ఎంతకు తెగ్గొడితే అంతకే ఇచ్చెయ్యమని బతిమాలాడు. ఆ ఏడు వేల సంగతి తన భార్య అనురాధకు కూడా చెప్పొద్దని జయరాజు తిరిగి బతిమాలాడు. ఇద్దరి భయమూ ఒకటే కాబట్టి ఒప్పందం తొందరగా కుదిరింది.

ఆదివారం మహేశ్వరిని వెంటబెట్టుకుని ఆదోనికి పోయాడు. బస్సులో ఆమె కొంగు సర్దుకున్నా ఇతను ఉలిక్కిపడ్డాడు.

జయరాజు ఇంట్లో ఆమె గిటారును తిరగేసి, బోర్లేసి చూసింది. ఒక కన్ను మూసి మెడ వంకర ఉందేమో చూసింది. మెట్లు అరిగాయంది. ఆంప్ అనే స్పీకరు పెట్టెకు తగిలించి వాయించమని, అదెందుకు మూలుగుతోందని అడిగింది. అది కరెంటు చప్పుడని జయరాజు చెప్తే నమ్మనూ లేదు, కాదననూ లేదు. తీరిగ్గా కుర్చీలో కూర్చుని, “రెండు వేలిస్తా” అంది.

మహేశ్వరి తండ్రి నరసన్న ఎద్దుల సంతలో దళారి. మగపిల్లలు లేక ఈమెనే సంతకు తిప్పేవాడు. ఎద్దు సంగతి తెలియనప్పుడు ఎద్దుగలవాని మొహం చూడమని నేర్పాడు. సిగ్గుమాలిన ధర అడిగితే మంచి ఎద్దుగలవాడు పగ్గం పట్టుకుని లేచిపోతాడు, మామూలు ఎద్దుగలవాడు వాదిస్తాడు. నవ్వేవాడి గురించి మాత్రం ఆయన చెప్పలేదు. అట్లాంటివాడు ఆ సంతకెప్పుడూ రాలేదు.

జయరాజు నవ్వాడు. “మీరు కాబట్టి సరే అక్కా, తీసుకపోండి.”

ధనుంజయ జయరాజుకు అన్నీ నేర్పాడు గానీ, ధర తగ్గినప్పుడు మొహం మాడ్చుకోమని చెప్పడం మరిచిపోయాడు.

మహేశ్వరి గిటారును వదిలి మొగుణ్ణి చూసింది. “రేటు తగ్గుతాంటే అమ్మేటోడు నగుతాండాడు. కొనేటోనివి నువ్వేమో చెమటలు కారుస్తాండావు. ఇదేం బేరమయ్యా?”

ఉక్కపోతన్నాడు ధనుంజయ. ఫ్యాను సరిగ్గా అతని నెత్తిమీదే తిరుగుతోంది.

అప్పుడే అనురాధ టీ తెచ్చింది. మహేశ్వరి ఆమె పుట్టిల్లు అడిగింది. కోసిగి దగ్గరంట, ఏటా వలస పోయేముందు ఎద్దులమ్ముకునే ఇల్లంట. మహేశ్వరి మొహం విప్పారింది. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, “అయితే మనమిద్దరం మాట్లాడుకుందాం సెల్లెలా, సెయ్యి ఇట్లియ్యి” అంటూ ఇద్దరి చేతుల మీదా కొంగు కప్పింది.

సంతలో పక్కవాళ్లకు తెలియకుండా ధర ఇట్లాగే తేలుస్తారు. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుంటారు, వేలికి ఒక వెయ్యి. ఇక్కడ తువ్వాలుకు బదులు చీరకొంగు.

కొంగు కింద ఏమవుతోందో మొగుళ్లిద్దరికీ తెలియలేదు. కొంగు లేచింది, పడింది. ఒకసారి గుసగుసగా ఆషాఢం అన్న మాట వినపడింది. అనురాధ తలెత్తి జయరాజును చూసింది, అతని నవ్వు ఎగిరిపోయింది. మహేశ్వరి తలెత్తి ధనుంజయను చూసింది, అతను గోడమీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు. అనురాధ లోపలికి పోయి, పిడికిలి బిగించుకుని వచ్చింది. ఆ పిడికిలి కొంగు కిందికి పోయింది. బేరం అయిపోయిందన్నారు.

తిరుగు బస్సులో గిటారు ధనుంజయ ఒళ్లో ఉంది. ఇన్నేళ్లకు ఒళ్లోకొచ్చినా దానివైపు చూడాలంటే భయంగానే ఉంది. ఆదోని పత్తి మిల్లులు దాటేదాకా మహేశ్వరి టికెట్ల చిల్లర లెక్కపెట్టుకుంది. తిట్టినా బాగుండుననిపించింది. చివరికి తనే, ఎంతకు తెగిందని అడిగాడు.

“నేను రూపాయి ఇయ్యలే. ఆమే నాకు వెయ్యి ఇచ్చింది” అంది మహేశ్వరి. “వస్తువిచ్చి పైన డబ్బులు ఏమిటికిచ్చిందో నువ్వే సెప్పు.”

ధనుంజయ కిటికీలోంచి చూశాడు. ఇక మోయలేకపోయాడు.

“తప్పయిపోయింది మహేశ్వరీ. రేకుల డబ్బులోంచి ముందే ఏడు వేలిచ్చినా.”

అని కళ్లు మూసుకున్నాడు. తిట్లు రాలేదు. కళ్లు తెరిస్తే ఆమె ఆశ్చర్యంగా చూస్తోంది.

“ఏడా? ప్యాంటు ఉతకబోతే అనురాధకు ఐదే దొరికినాయంట. పెళ్లి అడ్వాన్సని సెప్పినాడంట జయరాజు. ఆషాఢంలో అది ఎవడిస్తాడని ఆమెకు పొద్దున్నించీ అనుమానమే. నాలుగు సరైన ధర అని ఇద్దరం తేల్చుకుని వెయ్యి ఎనక్కి తీసుకున్నా.”

ధనుంజయకు నాలుక కరుచుకోవాలనిపించింది. అప్పటికే ఆమె ఫోను చెవిదగ్గర పెట్టుకుంది. ఇంకా రెండు వేలున్నాయని, ప్యాంటులో లేకుంటే ఆర్కెస్ట్రా పెట్టెలో చూడమని, దొరికితే రేకులకు పంపమని అనురాధకు నెమ్మదిగా చెప్పి పెట్టేసింది.

“మరి గిటారు?” అన్నాడు ధనుంజయ.

“నాలుగుకైతే నష్టమేం లేదు, ఉంచుకో. రేకులు బిగించే కూలి మాత్రం నేనియ్యను. నువ్వే ఎక్కు.”

గిటారును గట్టిగా పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, సంతోషమో సిగ్గో అతనికే తెలియలేదు. అంతలో అతని జేబులో ఫోను మోగింది. జయరాజు. ఆగిపోయి మళ్లీ మోగింది. ధనుంజయ తీయలేదు.

“ఎత్తు” అంది మహేశ్వరి. “పాపం, ఐదు వేలతో దొరికిపోయి కూడా నీ పేరు బయటపెట్టలే ఆ మనిషి.”

అతని జేబులోంచి ఫోను తీసి, తనే నొక్కి, అతని చెవికి ఆనించింది.