పొగ రాని ఇల్లు

రాజధాని బిష్కెక్ నుంచి అధికారిణి వస్తోంది కాబట్టి ఆ ఉదయం పొయ్యి ముట్టించకూడదని బూరుల్ తీర్మానించింది. వాళ్ళది థర్మాకోల్ పలకల మధ్య కాంక్రీటు పోసి కట్టిన ఇల్లు. నిన్నటి వేడి ఇవాళ కూడా నిలుస్తుంది. నరీన్ కొండల చలికి ఊరంతా బొగ్గు పొగలో దగ్గుతుంటే, తమ పొగగొట్టం మాత్రం శుభ్రంగా కనబడాలి. అధికారిణికి నచ్చితే బూరుల్ లెక్కలు చెప్పే బడికీ అలాంటి గోడలే కడతారు. ఆ బడిలో పిల్లలు చేతితొడుగులతోనే రాస్తారు. పొయ్యి పక్కన కూర్చున్నవాళ్ళు మధ్యాహ్నానికి మసికొట్టుకుపోతారు. ఊరివాళ్ళు మాత్రం బూరుల్ ఇంటిని చూసి "టీవీ అట్టపెట్టెలో కాపురం" అని నవ్వేవారు.

"ఒక్క పిడక కాల్చావో, నీ సంగతి చెప్తా!" అని భర్త మెలిస్‌ను హెచ్చరించి, బూరుల్ వాక్యూమ్ క్లీనర్‌తో తివాచీల మీద పడింది.

పాలు పితకడానికి బయటికొచ్చిన పక్కింటి సైరా పొగ లేని ఆ గొట్టాన్ని చూసి కొయ్యబారిపోయింది. చలికాలంలో పొయ్యి వెలగనిది చావు జరిగిన ఇంట్లోనే. అక్కడ ఇరుగుపొరుగే వండిపెట్టాలి. పైగా మెలిస్ తల్లి కల్‌బూబు ఎనభై దాటిన మనిషి. సైరా ఊరిపెద్ద ఒరోజ్ దగ్గరికి పరిగెత్తింది.

"తాతా, కల్‌బూబు అవ్వ వెళ్ళిపోయింది!"

"నువ్వు చూశావా?"

"చూడ్డమెందుకు? ఆ గొట్టం చూడు! ఉత్తచేతుల్తో వెళ్ళి తలుపు కొట్టమంటావా?"

ఒరోజ్ గొట్టం చూశాడు. ప్రార్థన చేసి, రెండు అరచేతులతో ముఖం తడుముకుని, తన గొర్రెల్లో బలిసినదాన్ని విప్పాడు.

కాసేపట్లో మెలిస్ వాకిట్లో మూడు గుండిగలు ఎక్కాయి. పోయినవాళ్ళకు నూనె వాసన చేరాలని ఆడవాళ్ళు బోర్సోకులనే పిండిముక్కలు వేయించారు. మగవాళ్ళు ఆచారం ప్రకారం గేటు దగ్గర్నుంచే గొంతెత్తి ఏడుస్తూ వచ్చారు. ఆ గోడలు చలినే కాదు, చప్పుడునూ లోపలికి రానివ్వవు. బూరుల్ వాక్యూమ్ హోరులో తివాచీలు శుభ్రం చేస్తూనే ఉంది.

మొదట బయటికొచ్చింది కల్‌బూబే. కిటికీలోంచి అంతమంది ఏడవడం చూసి ఆవిడ మనసు ఆగలేదు. తల దించుకుని శోకాలు పెడుతున్న ఒరోజ్ పక్కన చేరి తనూ భోరుమంది.

"ఎవరు పోయార్రా?"

"మెలిస్ వాళ్ళమ్మ," అన్నాడతను తలెత్తకుండానే.

"అయ్యో, బంగారంలాంటి మనిషి!" అని కల్‌బూబు ఇంకాస్త గట్టిగా ఏడ్చి, ఉన్నట్టుండి ఆగింది. "ఒరేయ్, ఏ మెలిస్ రా?"

ఒరోజ్ తలెత్తాడు. సైరా చేతిలో గరిటె జారిపడింది.

"నువ్వు బతికుండటం సంతోషమే వదినా," అన్నాడు ఒరోజ్ తేరుకుని. "మరి నా గొర్రె మాటేమిటి?"

సరిగ్గా అప్పుడే కారు ఆగింది. అధికారిణి జిపారా దిగి, మూడు గుండిగల కింద నుంచి లేస్తున్న పొగలో దగ్గుతూ అడిగింది: "పొగ రాని ఇల్లన్నారు?"

అధికారిణి వచ్చిందేమోనని తలుపు తీసిన బూరుల్ వాకిలి నిండా పొగ చూసింది. పిల్లల కమిలిన వేళ్ళు కళ్ళముందు ఆడాయి. బడి సంగతి ఇక అయిపోయిందనుకుంది.

"వండింది పారేస్తామా?" అంది కల్‌బూబు. "అందరూ లోపలికి రండి. నా చావు భోజనం నేనే వడ్డిస్తా."

జనంతోపాటు జిపారా కూడా లోపలికి నెట్టబడింది. మాంసం వడ్డించేలోగా ఆడవాళ్ళు శాలువాలు తీశారు, మగవాళ్ళు కోట్లు విప్పారు. ఒరోజ్ గోడకు ఆనుకుని గురక పెట్టాడు. జిపారా చెమట తుడుచుకుంటూ పొయ్యి తలుపు తీసి చెయ్యి పెట్టింది. మంచులా ఉంది.

"నిప్పే లేకుండా ఇంత వేడా!"

యాభైమంది ఒంటివేడి సంగతి బూరుల్‌కు తట్టకపోలేదు. అయితే లెక్కలు చెప్పాల్సింది పిల్లలకే అనుకుని మాంసం వడ్డించింది. జిపారా అక్కడికక్కడే బడికి మాటిచ్చేసింది.

మరుసటి చలికాలానికి కొత్త బడి లేచింది. తెరిచిన రోజు ఒక్క పిల్లాడూ రాలేదు. గొట్టంలో పొగ లేదు కాబట్టి ఎవరో పోయారు, బడికి సెలవు అనుకున్నారట.

ఇప్పుడు పొగ రాని ఆ బడి ముందు కాపలాదారు రోజూ ఒక పిడక కాలుస్తాడు.