అర పింఛను, అర కొండ

అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరం సందర్భంగా సంక్షేమ మంత్రిగారు తిరువళ్ళూరు సభలో ఒక చరిత్రాత్మక ప్రకటన చేశారు. ఆ ఏడాది ముగిసేలోగా తిరువళ్ళూరు, తిరుత్తణి తాలూకాల్లో వికలాంగుడనేవాడు ఒక్కడు కూడా ఉండడని, ఇది తన వాగ్దానమని అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. రెండు చేతులూ ఉన్నవాళ్ళందరూ కొట్టారు.

ఎలాగని ఎవరూ అడగలేదు. వాగ్దానం చేయడం మంత్రుల పని. ఎలాగన్నది ఆఫీసర్లు చూసుకుంటారు. ఇక్కడ చూసుకున్నది స్పెషల్ ఆఫీసర్ పొన్నుస్వామిగారు. తిరువళ్ళూరులో వారి ఆఫీసుకు ఎదురుగానే నా అద్దె సైకిళ్ళ షాపు. అందువల్ల ఈ మహత్కార్యాన్ని దగ్గరనుంచి చూసే భాగ్యం నాకు కలిగింది.

పద్ధతి చాలా సులువు. నలభై శాతం ఊనం, అంటే వైకల్యం, ఉంటే పూర్తి పింఛను. అంతకు తగ్గితే అర పింఛను. ఊనమే లేదని తేలితే శుభాకాంక్షలు. తేల్చేవారు డాక్టర్ జయరామగారు.

తిరువాలంగాడులో ధనకోటి అని ఒక రైస్‌మిల్లు కూలీ. పేర్చిన వడ్ల బస్తాలు మీదపడి అతని ఎడమకాలు నుజ్జయింది. మనిషికి కాలు ఉందిగాని, మనిషి ఉన్నాడని ఆ కాలికి తెలియదు. కర్ర పట్టుకుని రైలు దిగి వచ్చిన అతణ్ణి సైకిల్ క్యారియర్ మీద కూర్చోబెట్టి డాక్టరుగారి ముందుకు నేనే తీసుకెళ్ళాను.

"చేతులు?" అన్నారు డాక్టరుగారు తలెత్తకుండా.

"రెండూ బాగుండాయి సామీ."

"కుడికాలు?"

"దానికేం, బాగుంది."

"ఎడమకాలు ఉందా, లేదా?"

"ఉంది సామీ. కానీ పలకదు."

"ఉందా లేదా అంటే ఉందని చెప్పు. పలకతాదా అని నేనడగలేదే!"

ముప్పై శాతం. అర పింఛను. నెలలో సగం రోజుల బియ్యానికి సరిపోతుంది.

"మిగిలిన సగం దినాలు మన్ను తినాల్నా?" అంది అతని భార్య మునెమ్మ, నా షాపు ముందు నిలబడి, ఆఫీసుకు వినబడేలా.

అప్పుడే ఉచితంగా గాలి కొట్టించుకోవడానికి పార్టీ కార్యదర్శి వరదరాజులు వచ్చాడు. ప్రజల కష్టం వింటే ఆగలేని మనిషి.

"అప్పీలు పెట్టు మామా! నీ హక్కు అది. కాకపోతే ఒక మాట. అప్పీలులో శాతం పెరగొచ్చు, తగ్గొచ్చు. చేతికొచ్చిన అర కూడా ఊడిపోవచ్చు."

"అప్పీలు ఎవురు చూస్తారప్పా?" అన్నాడు ధనకోటి.

"పొన్నుస్వామి సారే."

"అర ఇచ్చింది ఆయనే గదా?"

"అందుకే గదా మామా! నీ కేసు ఆయనకంటే బాగా ఎవురికి తెలుసు?"

ధనకోటి గతుక్కుమన్నాడు. పెడితే ఉన్నది పోతుందేమో. పెట్టకపోతే సగం నెల పస్తు. అంతలో మునెమ్మ ఇంకో బాంబు వేసింది. పింఛను వస్తే మొగుడు మురుగడి కావడి ఎత్తుకుని తిరుత్తణి కొండెక్కుతాడని ఆమె ఎప్పుడో మొక్కుకుందట.

"నడవలేడని పింఛను అడిగి, అది వస్తే కొండెక్కిస్తానని మొక్కుకుంటారా తల్లీ?" అన్నాను.

"చిన్న మొక్కు మొక్కితే సామి ఈపక్క తిరిగి చూస్తాడా అన్నా?"

"వచ్చింది అరే గదే," అన్నాడు ధనకోటి. "అర పింఛనుకు అర కొండ. సరిపోయింది."

"సరే. ముందు అది చెల్లించు. సామి బాకీ పెట్టుకుని అప్పీలుకు పోతే యాడైనా గెలుస్తామా?"

ఆడికృత్తిక పండగనాడు తిరుత్తణి కొండ కావడులతో పసుపు పచ్చగా ఉంది. 'అరోగరా' కేకల మధ్య ధనకోటి భుజాన చిన్న కావడి పెట్టుకుని, మెట్టు మీద కూర్చుని, చేతులు వెనక్కి ఆనించి, ఒక్కో మెట్టూ ఒళ్ళు పైకి లాక్కుంటూ ఎక్కాడు. వెనక మునెమ్మ, ఆ వెనక అతని కర్ర పట్టుకుని నేను. సగం దారిలో ఉన్న మండపం చేరేసరికి అతని అరచేతులు రక్తం చిమ్ముతున్నాయి. కర్పూరం వెలిగించి, "అర కొండ చెల్లింది సామీ," అన్నాడు.

సరిగ్గా అప్పుడే కింద బ్యాండు మోగింది. మంత్రిగారు పూల కావడితో వస్తున్నారు! కారు దారి ఉన్నా కాదని, ప్రజల్లో ఒకడిగా మెట్లెక్కుతున్నారు. ముందు ఫోటోగ్రాఫరు వెనక్కి నడుస్తున్నాడు. వరదరాజులు విసనకర్ర విసురుతున్నాడు. మండపం దగ్గర మంత్రిగారి చీలమండ మడతపడింది. ధనకోటి పక్కనే కూలబడి ఆయాసపడ్డారు.

డాక్టర్ జయరామగారు గుంపును చీల్చుకుని వచ్చి, ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకున్నారు. "సార్, అరవై శాతం! ఇంకొక్క మెట్టు కూడా వద్దు!"

కుర్చీ వచ్చింది. నలుగురు మోశారు. మంత్రిగారు దిగిపోయారు.

ధనకోటి ఎక్కినట్టే ఒక్కో మెట్టూ కూర్చుంటూ కొండ దిగాడు. దిగాక అడిగాడు.

"అన్నా, ఆయన యాడిదాకా ఎక్కినాడు?"

"మండపం దాకా."

"నేను?"

"మండపం దాకానే."

"ఆయనకు అరవై, నాకు ముప్పైయా? పెట్టేస్తా అప్పీలు!"

"పెట్టు," అంది మునెమ్మ. "సామే తెచ్చి నీ పక్కన కూర్చోబెట్టినాడు."

ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏ కోర్టులోనూ ఉండదని నాకూ అనిపించింది. కానీ ఈలోగా మద్రాసులో ఒక వార్త పొక్కింది. మంత్రివర్గంలో మార్పులట. ఆరోగ్యం బాగాలేనివాళ్ళకు విశ్రాంతి ఇస్తారట. మర్నాడే అన్ని పేపర్లలో మన మంత్రిగారి ప్రకటన వచ్చింది. తాను సంపూర్ణ ఆరోగ్యవంతుడినని, చిన్న నొప్పి కూడా ఎరగనని, అర కొండ మొక్కు తమ వంశాచారమని, దాని ప్రకారమే మండపం దగ్గర ఆగానని. చదివి నా ఒళ్ళు పులకరించింది. వంశాచారం అంటే అలా ఉండాలి.

అప్పీలు విచారణకు పొన్నుస్వామిగారు ధనకోటిని ఎంతో మర్యాదగా కూర్చోబెట్టారు.

"ఏమప్పా, మంత్రిగారు ఎక్కినంత దూరం నువ్వూ ఎక్కినావంటావు?"

"ఎక్కినా సామీ. ఒక్క మెట్టు తగ్గలే."

"ఖచ్చితంగా?"

"మురుగడి మీద ఒట్టు! ఈ అన్న సాక్షి."

నేను అవునన్నాను. ఇప్పటికీ ఆ క్షణం గుర్తొస్తే నాలుక కరుచుకుంటాను.

"మరి ఆయనకు అరవై శాతమని డాక్టరు సామి చెప్పినాడు గదా?" అన్నాడు ధనకోటి.

డాక్టరుగారు చిరునవ్వు నవ్వారు. "అది మంత్రిగారి నాడి చూసి చెప్పింది. నిమిషానికి అరవై కొట్టుకోవల్సినదానికి అరవైయే కొట్టుకుంది. నూటికి నూరు పాళ్ళు ఆరోగ్యం!"

"కాబట్టి," అన్నారు పొన్నుస్వామిగారు, "సంపూర్ణ ఆరోగ్యవంతులైన మంత్రిగారితో సమానంగా ఎక్కినోడు సంపూర్ణ ఆరోగ్యవంతుడే. నీ వాదన మొత్తం ఒప్పుకుంటా ఉండాను. అప్పీలు గెలిచినావప్పా! శుభాకాంక్షలు."

ఊనం సున్న అని ముద్ర వేసి సర్టిఫికెట్ చేతికిచ్చారు. అర పింఛను రద్దయింది.

బయటికొచ్చాక మునెమ్మ తిరుత్తణి వైపు తిరిగింది. "ఇప్పుడు నువ్వే మాకు అర కొండ బాకీ సామీ," అంది.

"మద్రాసుకు పై అప్పీలు పెడదామా?" అన్నాను.

"వద్దన్నా. ఇంకోతూరి గెలిచినానంటే నన్ను పోలీసు ఉద్యోగంలో చేర్చుకుంటారు," అన్నాడు ధనకోటి.

అప్పటినుంచి నా షాపులోనే కూర్చుని పంక్చర్లు వేస్తున్నాడు. ఏడాది చివర మా ఊరి మైదానంలో విజయోత్సవ సభ జరిగినప్పుడూ అక్కడే ఉన్నాడు. మంత్రిగారి పదవి నిలబడింది. చీలమండ మాత్రం నిలబడలేదు. కారు దిగి వేదిక మెట్ల దగ్గర ఆగిపోయారు. ఆయన్ని పట్టుకోవడానికి మనిషి కావాలి. ఎవరంటే వాళ్ళు ముట్టుకోకూడదని, పూర్తి ఆరోగ్యవంతుడని సర్టిఫికెట్ ఉన్నవాడే కావాలని సెక్యూరిటీవాళ్ళు పట్టుబట్టారు.

వరదరాజులు పరుగున నా షాపుకు వచ్చాడు. "మామా, లే! ఈ ఊర్లో ఆ సర్టిఫికెట్ ఉండేది నీ ఒక్కడికే!"

ధనకోటి ఒక చంకలో కర్ర పెట్టుకుని, రెండో చెయ్యి మంత్రిగారి నడుము చుట్టూ వేశాడు. ఒకరి మీద ఒకరు ఆనుకుని ఇద్దరూ వేదిక ఎక్కారు. మైకు ముందు నిలబడ్డారు.

ఈ రెండు తాలూకాల్లో ఇక వికలాంగుడనేవాడు లేడని, వాగ్దానం నెరవేరిందని మంత్రిగారు ప్రకటించారు. మైదానమంతా చప్పట్లతో దద్దరిల్లింది.

ధనకోటి మర్యాద తెలిసినవాడు. తనూ చప్పట్లు కొట్టడానికి మంత్రిగారి నడుము మీదనుంచి చెయ్యి తీశాడు.