చెత్త దొరకని కొండ

ఆ ఉదయం వదిన చేసిన నేరమల్లా కొండదారి ఊడవడమే.

పట్నం నుంచి కొండ ఎక్కేవాళ్లు వస్తున్నారు. మధ్యాహ్నం దాకా వాళ్ల బస ఆమె ఇంటి పైగదుల్లో. ఆ గదుల లైసెన్సు రెన్యువల్ కోసం అధికారి తనిఖీకి వచ్చేదీ ఆ సాయంత్రమే. భర్త పోయాక ఆమె పొయ్యి వెలుగుతున్నది ఆ గదుల వల్లే. అందుకే ఇరుగుపొరుగు ఆడవాళ్లను కూడగట్టుకుని, వాగు దాకా కాగితం ముక్క కూడా మిగలకుండా ఊడ్చేసింది.

ట్రెక్కింగ్ కంపెనీలో గైడుగా ఉన్న మరిది వచ్చి చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"కొంప ముంచావు వదినా! వాళ్లొచ్చేదే చెత్త ఏరడానికి!"

"మన చెత్త వాళ్లేరడమేంటయ్యా? సిగ్గుచేటు కాదూ?"

"కొండకి మేలు చేసి పోతారంట. అందుకే డబ్బు కట్టారు. చెత్త లేదంటే నా ఉద్యోగం ఊడుతుంది."

"సాయంత్రం తనిఖీ ఉంది కదా?"

"మధ్యాహ్నానికల్లా వాళ్లే ఏరేస్తారుగా!"

ఇల్లంతా వెతికితే దొరికింది కాసిన్ని కూరగాయల తొక్కలు. అవి ఫొటోలో కనపడవని మరిది పెదవి విరిచాడు. చివరికి కొండ కింద బస్టాండు చెత్తకుప్ప నుంచి బస్తాలకు బస్తాలు కంచరగాడిదల మీద తెప్పించాడు. పొద్దున ఊడ్చిన చేత్తోనే వదిన కూడా చల్లింది. ఎంతైనా మరిది కదా.

అతిథులు చేతి తొడుగులు వేసుకుని, వదిన గుమ్మం ముందు ఫొటోలు దిగి, తలా ఓ చిన్న సంచి నింపేసరికి అలిసిపోయారు. "మనసు కడిగినట్టుంది" అని ఒకాయన కళ్లొత్తుకుని బస్సెక్కడానికి కొండ దిగాడు. వెంటనే గాలి లేచింది. మిగిలిన చెత్తంతా వాగులో పడి ఊరి నీళ్ల గొట్టాన్ని మూసేసింది. ఖాళీ బిందెలతో ఊరంతా వదిన మీదికొచ్చింది. వాళ్ల వెనకే అధికారి.

"ఎక్కడిదమ్మా ఈ చెత్తంతా?"

వదిన మరిది వైపు చూసింది. అతను బూట్ల లేసులు విప్పి మళ్లీ కట్టుకుంటున్నాడు. నిజం చెబితే అతని ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే తన గదులు పోతాయి.

"మాదేనండీ" అంది.

లైసెన్సు పోయింది. నెల తిరక్కుండానే, ఊరివాళ్లు పాడుచేసిన కొండను కాపాడినందుకు కంపెనీకి అవార్డు, మరిదికి ప్రమోషన్ వచ్చాయి. అది చాలదన్నట్టు ఊరికి శుభ్రత నేర్పడానికి కంపెనీ ఓ శిక్షణ తరగతి కూడా పెట్టింది. వదినను ముందు వరసలో కూర్చోబెట్టారు. పాఠం చెప్పింది మరిదే.

"అతిథులు రాకముందే దారి ఊడ్చుకోవాలి."

తెలియని సంగతి విన్నట్టు వదిన బుద్ధిగా తలూపింది.